మూడో విడత ఈగలు

మంగళవారం పొద్దున లైల్ నోస్కె తన ప్రయోగశాలలో తొమ్మిదిమందికి ఒక ఈమెయిల్ పంపాడు. పదో మనిషి డెస్పినా. ఆమెకు పంపలేదు.

ఆ సమయానికి ఆమె ఈగల గదిలో సీసాలు మారుస్తోంది. బొటనవేలంత లావున్న ప్లాస్టిక్ సీసాలు. అడుగున మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, ఈస్టు కలిపి ఉడికించి గడ్డకట్టించిన మేత, మూతికి దూది బిరడా, ఒక్కొక్క దాంట్లో ఇరవై పండు ఈగలు. సీసాను రబ్బరు పలక మీద రెండుసార్లు తట్టాలి. ఈగలన్నీ అడుక్కి జారతాయి. అవి తేరుకుని పైకి పాకేలోగా బిరడా లాగి, కొత్త సీసా బోర్లించి, రెండూ కలిపి తిరగేసి మళ్ళీ తట్టాలి. పాత సీసాలో మేత మీద మిగిలిపోయినవి చచ్చినవి. వాటిని లెక్కపెట్టి కాగితం మీద వేయాలి. రెండు రోజులకోసారి, ఆఖరి ఈగ చచ్చేదాకా ఇదే పని. డెస్పినా కరాస్ ఇరవైఆరేళ్ళుగా చేస్తోంది. బిరడా లాగాక ఒక్క ఈగ తప్పించుకున్నా ఆ రోజంతా ఆమెకు అన్నం సయించేది కాదు.

బ్రైడీ తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా, ఫోన్ రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పీహెచ్‌డీలో మూడో ఏడు ఆ అమ్మాయికి. ఈగల గదిలో పని నేర్చుకున్నది డెస్పినా దగ్గరే.

"ఏంటి కూక్లా, ఆ మొహం? మళ్ళీ ఆ మోటార్‌సైకిల్ వెధవ ఫోన్ చేశాడా?" అంది డెస్పినా. తన కంటే చిన్న ఆడపిల్లలందరినీ ఆమె కూక్లా అనే పిలిచేది, బొమ్మ అన్నట్టు.

"వాడు కాదు. మీరిది చూడాలి డెస్. నేను చూపించానని మాత్రం చెప్పకండి."

డెస్పినా చేతికున్న తొడుగు తీసి ఫోన్ అందుకుంది.

'మూడో విడత లెక్కలు మొదటి రెండు విడతలతో కలవడం లేదు. లెక్కించిన మనిషి కంటి అలసటే ఇందుకు కారణమని తేలింది. మూడో విడతను పక్కన పెడుతున్నాం. సోమవారం నుంచి డెస్ కొంచెం తేలికైన పనికి, అంటే సామాను తెప్పించే పనికీ గాజు కడిగే గదికీ మారుతుంది. ఇన్నేళ్ళ ఆమె సేవను మనమెవరం మరిచిపోలేం.'

ఆమె రెండుసార్లు చదివింది. ఆఖరి వాక్యం దగ్గర చెవులు వేడెక్కాయి. మనిషి పోయాక రాసే మాటలవి.

"తేలిందట! ఎవరు తేల్చారు? నన్ను అడిగారా?"

"నాకు తెలీదు డెస్. నిజంగా తెలీదు."

డెస్పినా ఫోన్ ఇచ్చేసి, తొడుగు వేసుకుని, మిగిలిన నలభై సీసాలూ మార్చింది. ఒక్క ఈగా తప్పించుకోలేదు. తట్టే చప్పుడు మాత్రం గది బయటికి వినిపించేంత గట్టిగా ఉంది.

*

ప్రయోగం చూడడానికి సాదాసీదాగా ఉంటుంది. ఈగలు రెండు రకాలు. ఒకటి మామూలు ఈగ. రెండోది అర్భకం. ఒంట్లో పుట్టే విషాన్ని ఎప్పటికప్పుడు విరిచే యాంటీ ఆక్సిడెంట్ జన్యువు దానికి సగమే పనిచేస్తుంది. రెండు రకాల్లోనూ సగం ఈగల్ని పగలంతా నీలివెలుతురు కింద, సగాన్ని పూర్తి చీకట్లో పెట్టారు. చీకటివాటిని ఈగ కంటికి ఆనని ఎర్ర బల్బు కిందే లెక్కపెడతారు. మొదటి రెండు విడతల్లో మామూలు ఈగ వెలుతురు వల్ల తన అరవై రోజుల ఆయుష్షులో ఎనిమిది రోజులు పోగొట్టుకుంది. అర్భకపు ఈగ చీకట్లో నలభై రోజులు బతికి, వెలుతురులో ఇరవైరెండో రోజుకే రాలిపోయింది. ఆ జన్యువు లేకపోతే వెలుతురే చంపేస్తుందని లైల్ పత్రం రాశాడు. అది అచ్చయింది. టీవీ వాళ్ళు వచ్చి ఈగల గదిలో డెస్పినా చేతుల్ని కూడా చూపించారు. బ్రైడీ సిద్ధాంత గ్రంథం సగం ఆ పునాది మీదే నిలబడింది.

మూడో విడతలో అర్భకపు ఈగలు వెలుతురులో ముప్ఫైనాలుగు రోజులు బతికాయి.

మధ్యాహ్నం డెస్పినా లైల్ గది తలుపు తట్టకుండానే తోసుకుని లోపలికి వెళ్ళింది. లైల్‌కి యాభైరెండేళ్ళు. బరోసా లోయలో ద్రాక్షతోటల ఇంట్లో పుట్టినవాడు. ఈ ప్రయోగశాలకు కొత్తగా వచ్చినప్పుడు సీసా తిరగేయడం రాక గదినిండా ఈగలు వదిలినవాడు. అతనికి ఆ పని నేర్పింది కూడా ఆమే.

"డెస్! రా, కూర్చో."

"నిలబడతాను. నా కళ్ళకేమైందో చెప్పు."

లైల్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవరు చూపించారు?"

"అది కాదు నేనడిగింది."

"చూడు, నిన్నెవరూ తప్పు పట్టడం లేదు."

"తొమ్మిదిమందికి రాసి తప్పు పట్టడం లేదంటావేం? వీధిలో మైకు పెట్టిస్తే అప్పుడు తప్పు పట్టినట్టా?"

"నీకు అరవైఒకటి. ఎర్ర బల్బు కింద గంటలు గంటలు పనిచేస్తున్నావు. చచ్చిన ఈగని బతికుందనుకోవడం ఎవరికైనా..."

"చచ్చిన ఈగ కాళ్ళు పొట్టకింద ముడుచుకుంటుంది లైల్. నీకా సంగతి నేనే చెప్పాను. ఆ చీకటి ఈగల్ని ఎర్ర బల్బు కింద లెక్కపెట్టాను, అవి సరిగ్గానే వచ్చాయి. తేడా వచ్చింది పట్టపగల్లాంటి వెలుతురులో లెక్కపెట్టినవాటిలో. చీకట్లో బాగా కనిపించి వెలుతురులో కనిపించకుండా పోయే కళ్ళా నావి?"

ఆ మాట లైల్‌కి తగిలిందని ఆమె చూసింది. అతను మాత్రం చిన్నగా నవ్వాడు, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడినవాడు నవ్వినట్టు.

"మొదటి రెండు విడతలూ నీ చేతి పనే. ఆ చేతులంటే నాకెంత నమ్మకమో నీకు తెలుసు. మూడోది ఆ చేతుల్లా లేదు డెస్. మరి ఇంకేం మారింది చెప్పు?"

"పెట్టె మారింది. పాత ఇంక్యుబేటర్ ఆగస్టులో చచ్చింది. కొత్తది తెచ్చారు. అందులో లైట్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఎవరైనా చూశారా?"

"ఫ్యాక్టరీలో చూసే పంపుతారు."

"ఫ్యాక్టరీ వాళ్ళ మాట వింటావు. నా మాట వినవు."

ఆమె తలుపు తెరిచే వదిలేసి వచ్చింది.

*

బుధవారమంతా డెస్పినాకు కోపం ఎక్కడికీ పోలేదు. పొద్దున్న బ్రెడ్డు కాలుస్తున్నప్పుడు, ట్రాములో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, జకరండా పూలు రాలి ఊదారంగు ముద్దగా మారిన కాలిబాట మీద నడుస్తున్నప్పుడు, లైల్‌కి చెప్పాల్సిన మాటలు ఆమె లోపల వాటంతటవే వరస కట్టేవి. ఒక్కోసారి ఆ వరస ముగిశాక మళ్ళీ మొదటినుంచి చెప్పుకునేది, ఇంకొంచెం పదునుగా. అందులో ఏదో సుఖముందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అన్యాయం జరిగిన మనిషి లోపల అంతా తుడిచి సర్దిన గదిలా ఉంటుంది. తప్పంతా అవతలివాళ్ళదే, ఒప్పంతా తనదే. ఆ గదిలోంచి బయటికి రావాలని ఆమెకు అనిపించలేదు.

గురువారం పొద్దున కింది అంతస్తులో మొక్కల గదికి వెళ్ళి వార్విక్‌ని లైట్ మీటర్ అడిగింది. వార్విక్ గోధుమ మొక్కలు పెంచేవాడు. పొట్టి నిక్కరు, మోకాళ్ళదాకా సాక్సులు, చలికాలమైనా అంతే.

"మీటరా? ఈగలకి ఎండ తగులుతోందని టోపీలు కుట్టిస్తావా ఏంటి?" అన్నాడు.

"నోర్మూసుకుని ఇస్తావా, ఇవ్వవా?"

"ఇస్తానమ్మా, కరవకు. మా వీధిలో నిన్న ప్రభుత్వం తాలూకు పచ్చ కోట్లవాళ్ళు దిగారు తెలుసా? పళ్ళతోటల్ని పాడుచేసే పండు ఈగ కనపడిందట. మా ఆవిడ నిమ్మచెట్టు ఊడ్చిపెట్టినట్టు కోసుకుపోయారు. ఊరి బయట బస్సులాపి జనం చేతుల్లో అరటిపళ్ళు లాక్కుంటున్నారు. ఊరంతా ఈగల్ని చంపుతుంటే, నువ్విక్కడ వాటికి ఆయుష్షు పోస్తూ కూర్చున్నావు. నిన్ను అరెస్టు చెయ్యాలి ముందు."

"అవి వేరే ఈగలు."

"చచ్చేవాటికి వేరే ఏముంది?" అంటూ వార్విక్ మీటర్ చేతిలో పెట్టాడు. తీగ చివర వేలి గోరంత కన్ను. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "విన్నాను డెస్. నీ మీద నెట్టారట కదా. పై వాళ్ళకి లెక్క తప్పితే కింద ఎవరో ఒకరి కళ్ళు పోవాల్సిందే."

ఆ మాట ఆమెకు మంచినీళ్ళు తాగినంత హాయిగా ఉంది.

కొత్త ఇంక్యుబేటర్‌లో అరలన్నీ చిల్లుల పళ్ళేలు. ఒక్కో చిల్లులో ఒక్కో సీసా నిలబడుతుంది. ఆమె ఖాళీ సీసాలోకి మీటర్ కన్ను దించి, దూది బిరడా పెట్టి, సీసాల నడుమ నిలబెట్టింది. మీటర్ మూడువందల పది చూపించింది. పక్క చిల్లులో పెట్టింది. మూడువందల ఐదు. కింది అరలో, మూలలో, తలుపు దగ్గర, అన్నిచోట్లా కాస్త అటూఇటూగా అంతే. కాగితం మీద ఇరవైనాలుగు అంకెలు రాసుకుంది.

పాత ఇంక్యుబేటర్ కింది అంతస్తులో సామాన్లు దించే చోట, పారేయాల్సినవాటి మధ్య ఉంది. చల్లబరిచే యంత్రం చచ్చింది గానీ లైట్లు వెలుగుతాయి. తీగ లాగి ప్లగ్గు పెట్టింది. బయట ఎండ నలభై దాటింది. రేకు తలుపు సందులోంచి వేడిగాలి కొడుతోంది. పాత అరలో ఖాళీ సీసాలు కిక్కిరిసి పేర్చి, నడిమధ్య మీటరున్న సీసా నిలబెట్టింది. ఐదువందలైనా రావాలని, పాత లైట్లే ఎక్కువ మండేవని తేలాలని పళ్ళు బిగబట్టి చూసింది.

మూడువందల పదిహేను.

అంటే పెట్టె మారినా వెలుతురు మారలేదు. ఆమె నోట ఓ గ్రీకు బూతు వచ్చింది. వాళ్ళమ్మ మేకల్ని తిట్టే మాట. సీసాను విసురుగా బయటికి లాగి, అలవాటుగా పై అరలో ఎడమపక్క పడుకోబెట్టి, కాగితం కోసం జేబు తడుముకుంది.

మీటర్ మీద ఏడువందల ఎనభై.

ఆమె అంకె వంక చూసింది. సీసాను లేపి మళ్ళీ సీసాల నడుమ నిలబెట్టింది. మూడువందల పదిహేను. పడుకోబెట్టింది. ఏడువందల ఎనభై.

సీసా నిలబడితే పైనుంచి వచ్చే వెలుతురుకు దూది అడ్డం. నాలుగు పక్కలా సీసాలు అడ్డం. పడుకోబెడితే ఏ అడ్డూ లేదు. దీపం కింద ఒళ్ళంతా పరుచుకున్నట్టే.

పై అరలో ఎడమపక్క ఎందుకు పెట్టింది? ఆలోచించి పెట్టలేదు. అది అర్భకపు ఈగల చోటు. వాటికి గోడ పాకే సత్తువ లేదు. సీసా నిలబెడితే జారి తడిమేత మీద పడి రెక్కలంటుకుని చస్తాయి. అందుకని ఎన్నో ఏళ్ళ కిందటే ఆమె వాటి సీసాల్ని పడుకోబెట్టడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. వద్దనీ అనలేదు. మామూలు ఈగలు నిలబడి ఉండేవి. అర్భకాలు వాటి కంటే రెండున్నర రెట్లు వెలుతురు మింగుతూ పడుకుని ఉండేవి. చీకటి పెట్టెలోనూ పడుకోబెట్టింది. అక్కడ వెలుతురే లేదు గనక తేడా రాలేదు. కొత్త పెట్టెలో పడుకోబెట్టే వీల్లేక, మేత కాస్త గట్టిగా వండి, అన్నిటినీ నిలబెట్టింది. మూడో విడతలో వెలుతురును మార్చింది అదొక్కటే.

మూడో విడత లెక్క సరైనది. తప్పు మొదటి రెండింటిది. టీవీలో చూపించిన ఆ చేతులదే.

ఆమె ఓ అట్టపెట్టె మీద కూర్చుంది. రెండు రోజులుగా లోపల వరస కట్టిన మాటలన్నీ ఏమయ్యాయో తెలియలేదు. కోపం మాత్రం పోలేదు, పోవాల్సింది కదా అనుకుంది. దానికిప్పుడు నిలబడడానికి చోటు లేదు, అంతే. గూడు తీసేసిన తేనెటీగల్లా లోపలే గిరగిరా తిరుగుతోంది.

*

శుక్రవారం పొద్దున లైల్ డెస్పినా రాసిచ్చిన కాగితం చదివాడు. మొదటిసారి వేగంగా, రెండోసారి వేలు పెట్టి. చదువుతున్నంతసేపూ అతని మొహంలో పాత కుర్రాడు కనిపించాడు, అంకె అర్థమైనప్పుడు కళ్ళు చిన్నవి చేసుకునే కుర్రాడు. అతనికి ఆమె కంటే తొందరగా అర్థమైంది. తర్వాత ఆ కుర్రాడు వెళ్ళిపోయాడు.

"ఎవరికి చెప్పావు?"

"నీకే."

అతను లేచి తలుపు వేసి వచ్చాడు. "డెస్, ఆ ఈమెయిల్ పంపడం నా తప్పే. వెనక్కి తీసుకుంటాను. నువ్వెక్కడికీ మారక్కర్లేదు. నీకెన్నాళ్ళు పనిచెయ్యాలనుంటే అన్నాళ్ళూ ఆ గది నీదే."

"మూడో విడతో?"

"మూడో విడతలో మేత మారింది కదా. గట్టిగా వండావన్నావు. మేత తేడా వల్ల పక్కన పెట్టామంటే సరిపోతుంది. నీ కళ్ళ ప్రసక్తే రాదు."

అతను ఏం ఇస్తున్నాడో, ఏం అడుగుతున్నాడో అర్థం కావడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. మంగళవారం ఆమె కోరుకున్నదంతా ఇప్పుడు బల్ల మీద ఉంది.

"అర్భకాలు వెలుతురుకి తొందరగా చస్తాయని నువ్వు లోకానికి చెప్పావు. అవి తొందరగా చచ్చింది నేను పడుకోబెట్టడం వల్ల."

"కొంత దానివల్ల. ముప్ఫైనాలుగు కూడా నలభై కంటే తక్కువే కదా."

"ఎంత కొంత? నీకు తెలుసా?"

లైల్ నుదురు రుద్దుకున్నాడు. "ఇది బయటికొస్తే బ్రైడీ మూడేళ్ళు పోతాయి. నా మాటలా ఉంచు. నీ మాటేంటి? ఇరవైఆరేళ్ళు మచ్చలేకుండా చేశావు. నువ్వు కావాలని చేసిందా ఇది? దయతో చేశావు. జాలిపడి..."

"దయ అనకు!" ఆమె అరిచింది. గాజు తలుపు అవతల ఎవరో ఆగి మళ్ళీ నడిచారు. "కళ్ళు పోయాయన్నావు, ఇప్పుడు దయ అంటున్నావు. నువ్వు ఏ మాట వేసినా నేను మనిషిని కాకుండా పోతున్నాను. పడుకోబెట్టింది అని రాయి. ఏ సీసాలు, ఏ అర, ఎన్ని రోజులు, అది రాయి. నా తప్పు రాయాలని సరదాగా ఉంటే, నేను చేసిన తప్పే రాయి. చెయ్యనిది రాయకు."

"డెస్..."

"ఇంకోటి. పత్రంలో 'అన్ని సీసాలనూ ఒకే తీరున ఉంచాం' అని నువ్వు రాశావు. నేను రాయలేదు. నువ్వు రోజూ ఆ పెట్టె తలుపు తీసేవాడివి. టీవీ వాళ్ళకి చూపించావు. ఎదురుగా పడుకుని ఉన్నాయి."

అతను కాగితం మీది అంకెల మీద వేలు పెట్టాడు. "సీసాలు ఎలా ఉన్నాయో నేను చూడలేదు. నేను అంకెలు చూశాను."

ఆ మాట నిజమని ఆమెకు తెలుసు. దానికే ఒళ్ళు ఇంకా మండింది.

"అదీ రాయి," అంది.

*

సాయంత్రం నాలుగింటికి ఈమెయిల్ వచ్చింది. ఈసారి పదిమందికీ. మొదటి రెండు విడతల్లో సాంకేతిక సహాయకురాలు అర్భకపు ఈగల సీసాలను సొంత నిర్ణయంతో పడుకోబెట్టిందని, వెలుతురు ఎక్కువ సోకిందని, అచ్చయిన పత్రానికి సవరణ పంపుతున్నామని ఉంది. మూడో విడత లెక్క సరైనదని ఉంది. కళ్ళ ఊసు లేదు. దయ ఊసు లేదు. సోమవారం సంగతీ లేదు. 'ఒకే తీరున' అన్న వాక్యం ఎవరు రాశారో మాత్రం ఎక్కడా లేదు.

డెస్పినా రెండు వేళ్ళతో టైపు చేసింది. 'ఆ సీసాలు పడుకుని ఉండగా డాక్టర్ నోస్కె ఆరేళ్ళు వాటి ముందే నిలబడ్డారు. ఒకే తీరున ఉన్నాయని రాసింది ఆయనే. మిగిలినదంతా నిజం.' అందరికీ వెళ్ళేలా నొక్కింది.

బ్రైడీ ఐదు నిమిషాల్లో వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"నాకు ముందు చెప్పచ్చు కదా! మంగళవారం నేను మీకు చెప్పాను. దొంగచాటుగా తెచ్చి చూపించాను. మీరు మాత్రం అందరితో పాటు నాకు ఈమెయిల్‌లో తెలిసేలా చేశారు!"

లైల్ మీద కోపంలో డెస్పినాకు ఈ పిల్ల గుర్తే రాలేదు. లైల్‌కి తను ఎలాగో, తనకూ ఓ పదో మనిషి ఉందన్నమాట.

"చెప్పాల్సింది," అంది.

"మూడేళ్ళు డెస్! మూడు అధ్యాయాలు! ఇప్పుడు వాటినేం చెయ్యమంటారు?"

"నాకు తెలీదు. సోమవారం కొత్త ఈగలు తమ గూళ్ళు చీల్చుకుని బయటికి వస్తాయి. నాలుగో విడత మొదలుపెట్టచ్చు. రెండు రకాల్లోనూ సగం నిలబెట్టి, సగం పడుకోబెట్టి. దేనివల్ల ఎంతో అప్పుడు తెలుస్తుంది. అందరికంటే ముందు నీకే తెలుస్తుంది."

"ఎవరు మారుస్తారు? మీరా?" బ్రైడీ వెటకారంగా నవ్వబోయింది. నవ్వు మధ్యలో తెగిపోయింది. "మిమ్మల్ని నేనెలా నమ్మను?"

"నమ్మకు. సీసాల మీద పేర్లు తీసేసి అంకెలు వెయ్యి. ఏది ఏ రకమో నీ దగ్గరే ఉంచుకో. నాకు చెప్పకు."

బ్రైడీ వెళ్ళిపోయింది. తలుపు పెద్ద చప్పుడుతో మూసుకుంది.

*

సోమవారం గాజు కడిగే గది తాళంచెవి ఎవరూ తెచ్చి ఇవ్వలేదు. ఆమె అడగలేదు. లైల్ వరండాలో ఎదురుపడితే ఇద్దరూ గోడవైపు జరిగి నడిచారు. బ్రైడీ లైల్ గదిలో గంటసేపు గట్టిగా మాట్లాడిందని, 'ఆ చేతులు కావాలి నాకు' అందని తర్వాత ఎవరో చెప్పారు. డెస్పినా సంతోషించలేదు. తనని క్షమించారనుకునేంత అమాయకురాలు కాదు.

సీసాలు రెండువందల నలభై. నిలబెట్టేవాటికి పొడుగు గీత, పడుకోబెట్టేవాటికి అడ్డగీత గీసి, అన్నిటి మీదా నల్ల సిరాతో అంకెలు వేసింది బ్రైడీ. మేత పాత పద్ధతిలోనే, మెత్తగా వండారు. ఈసారి చిల్లుల పళ్ళేలు తీసేసి మామూలు అరలు బిగించారు.

బుధవారం మొదటిసారి మార్చే రోజు. బ్రైడీ పక్కన నిలబడి కాగితం పట్టుకుంది. ఇద్దరి మధ్యా పని మాటలు తప్ప ఇంకేమీ లేవు.

"ముప్ఫైతొమ్మిది?"

"సున్నా."

"నలభై?"

"సున్నా."

నూటపదకొండో సీసా దగ్గర డెస్పినా ఆగింది. పొడుగు గీత. అప్పుడే మార్చిన కొత్త మేత మీద ఓ ఈగ వెల్లకిలా పడింది. రెక్క అంటుకుంది. ఆరు కాళ్ళూ గాలిలో కొట్టుకుంటున్నాయి. అర్భకమో, మామూలుదో, తట్టినప్పుడు దెబ్బ తగిలిందో ఆమెకు తెలియదు. ఇరవైఆరేళ్ళలో తన చేతిలో ఉన్నది ఏదో తెలియకపోవడం ఇదే మొదలు.

సీసా ఆమె వేళ్ళ మధ్య దానంతటదే వాలడం మొదలుపెట్టింది.

బ్రైడీ చూసింది. "పడుకోబెడితే ఊడి వస్తుందా?"

"వస్తుంది. కాసేపటికి."

"మరి?"

డెస్పినాకు ఆ పిల్ల మీద, లైల్ మీద, ఆ కాళ్ళు కొట్టుకుంటున్న పురుగు మీద ఒక్కసారే కోపం వచ్చింది. అన్నిటికంటే వాలుతున్న తన వేళ్ళ మీద.

సీసాను నిటారుగా అరలో పెట్టింది.

"నూటపదకొండు. అంటుకున్నది ఒకటి. రాసుకో," అంది. బ్రైడీ రాసుకుంది. తర్వాతి సీసా అందిద్దామని చెయ్యి చాచి ఆగింది. డెస్పినా చెయ్యి ఇంకా నూటపదకొండు మీదే ఉంది.